క్లిప్పు వేసిన పన్ను కదిలితే



ఒక ఊళ్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఉంది. ఆమెకు ఎత్తుపళ్లు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. తల్లి పాలు అమ్మిన డబ్బులు దాచి, పట్నంలో పళ్లకు క్లిప్పులు వేయించింది.

నెల తిరిగింది. ఒకరోజు పిల్ల నాలుకతో ముందుపన్ను తోసి చూసింది. పన్ను కదిలింది!

"అమ్మా, నా పళ్లు ఊడిపోతాయే!" అని ఏడ్చింది.

"ఆ తీగ పీకించెయ్యండి" అంది నాయనమ్మ.

తల్లి తొందరపడలేదు. పిల్లను డాక్టరమ్మకు చూపించింది.

డాక్టరమ్మ ఇలా చెప్పింది: "పన్ను వేరు దవడ ఎముకలో ఉంటుంది. రెంటికీ మధ్య సన్నని నారలుంటాయి. తీగ పన్నును మెల్లగా లాగుతుంది. పన్ను జరిగే వైపు ఎముక కరుగుతుంది. వెనకవైపు కొత్త ఎముక పెరుగుతుంది. అందుకే పన్ను కొంచెం కదులుతుంది. ఇది మామూలే. తర్వాత గట్టిపడుతుంది."

మరి ఎప్పుడు భయపడాలి? పన్ను బాగా ఊగినా, చిగుళ్లు వాచినా, చీము పట్టినా, మూతికి దెబ్బ తగిలినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

కదిలే పన్నును వేలితో కదపకూడదు. చెరకు, జంతికలు కొరకకూడదు. తిన్నాక బ్రష్షుతో మెల్లగా తోముకోవాలి. క్లిప్పులు తీశాక డాక్టరు ఇచ్చే రిటైనరు పెట్టుకోవాలి. లేకపోతే పళ్లు మళ్లీ పాత చోటికి జరుగుతాయి.

క్లిప్పులు సాధారణంగా 18 నుంచి 24 నెలలు ఉంచుతారు. ఆ పిల్ల ఓపిక పట్టింది. ఇప్పుడు చెయ్యి అడ్డం లేకుండా నవ్వుతోంది.