మా పచ్చళ్ల ఫోను నంబరు – మేము నేర్చుకున్నది



పచ్చళ్లు, పొడుల వ్యాపారం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవకాయ ఎలా కలపాలో మీకు మేము చెప్పేదేముంది, మాకంటే బాగా కలుపుతారు. అందుకని మేము దెబ్బతిన్న ఒక సంగతి చెబుతాం. అది ఫోను నంబరు సంగతి.

మొదట్లో డబ్బాల మీద మా సంఘంలో ఒక చెల్లెలి సొంత నంబరు వేయించాం. అప్పట్లో స్మార్ట్ ఫోను ఆమెకే ఉండేది. చవక పడుతుందని రెండు వేల లేబుళ్లు ఒకేసారి అచ్చు వేయించాం. ఆరు నెలలకు ఆ చెల్లెలి కుటుంబం పని కోసం బెంగుళూరు వెళ్లిపోయింది. కొన్నాళ్లు ఆర్డర్లు వస్తే మాకు చెప్పేది. తర్వాత వేరే సిమ్ తీసుకుని దీనికి రీచార్జి మానేసింది. వాడని సిమ్‌ను 90 రోజులు దాటితే కంపెనీ ఆపేయవచ్చు, కొంతకాలం తర్వాత అదే నంబరు ఇంకొకరికి ఇవ్వవచ్చు. మాకు అదే జరిగింది. సంక్రాంతికి అరిసెలు, సున్నుండలు కావాలని ఎప్పుడూ కొనేవాళ్లు ఫోను చేస్తే, ఎవరో ఎత్తి రాంగ్ నంబర్ అన్నారట. ఆ పండక్కి ఆర్డర్లు సగానికి పడిపోయాయి. చేసిన సరుకు మిగిలిపోయింది. ఆ నెల బ్యాంకు కిస్తీ పొదుపులోంచి తీసి కట్టాం. తప్పు ఆ చెల్లెలిది కాదు. సంఘం వ్యాపారానికి ఒక మనిషి సొంత నంబరు పెట్టిన మాది.

కొత్త నంబరు తీసుకుందాం అనుకుంటుంటే ఒకతను ఫోను చేసి, ఫ్యాన్సీ నంబరు ఇప్పిస్తాను, ముందు మూడు వేలు ఆన్‌లైన్‌లో పంపండి అన్నాడు. మా రెండో లీడరు, రసీదు ఇస్తారా, మీ షాపు ఎక్కడ అని అడిగింది. అంతే, పెట్టేశాడు. అక్కలూ, అలాంటి నంబరు కావాలంటే నేరుగా కంపెనీ షాపులోనే అడగండి. ఎవరికైనా ఇలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 కి ఫోను చేయాలి.

అప్పుడు మా సభ్యురాలి కూతురు, డిగ్రీ చదివే అమ్మాయి, ఒక ఉపాయం చెప్పింది. ఫోనులో అంకెల కింద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి కదా. 2 కింద ఎ, బి, సి. 6 కింద ఎం, ఎన్, ఓ. అమెరికాలో వ్యాపారాలు ఆ అక్షరాలతో మాట కూర్చి నంబరు చెబుతాయట. పూలు అమ్మే ఒక కంపెనీ పేరే 1-800-ఫ్లవర్స్. ఆ అక్షరాలున్న అంకెలు నొక్కితే ఫోను వాళ్లకే పోతుంది.

మేము ముందు పచ్చడి అని కూర్చి చూశాం. ఇంగ్లీషులో ఒకరు ఒక సి తో రాశారు, ఒకరు రెండు సి లతో, ఇంకొకరు రెండు హెచ్‌లతో. ఒక్క అక్షరం తేడా వస్తే ఫోను వేరే ఇంటికి పోతుంది. చివరికి అమ్మ అని రాశాం. ఎ, ఎం, ఎం, ఎ. అంటే 2662. ఎవరు రాసినా ఒకటే. చివర 2662 ఉన్న నంబరు కావాలని షాపు చుట్టూ మూడుసార్లు తిరిగితే దొరికింది, మామూలు సిమ్ ఖర్చుతోనే.

అయితే అమ్మ అని వేస్తే సరిపోదు. అక్షరాలు చూసి నొక్కే అలవాటు మనవాళ్లకు లేదు. అందుకని పది అంకెలూ పెద్దగా వేసి, కింద "చివర అమ్మ – 2662" అని వేయించాం. డబ్బా ఇచ్చేటప్పుడే వాళ్ల ఫోను నుంచి మాకు ఒక మిస్డ్ కాల్ ఇప్పించి, "అమ్మ పచ్చళ్లు" అని సేవ్ చేయిస్తాం. మొదటి ఆరు అంకెలు మరిచిపోయినా పేరుతో దొరుకుతుంది.

108 ని చూడండి. 2005 లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ అంబులెన్సు నంబరు చదువురాని అవ్వకు కూడా తెలుసు. చిన్నది, ఇన్నేళ్లుగా మారలేదు. గుర్తుండే నంబరు ఎంత ముఖ్యమో, మారకుండా ఉండడం అంతకన్నా ముఖ్యం. అందుకే మేము ఇవి పాటిస్తున్నాం:

సిమ్ లీడరు పేరు మీద ఉన్నా, అది సంఘం ఆస్తి అని తీర్మానం పుస్తకంలో రాసి అందరం సంతకాలు పెట్టాం. లీడరు మారితే ఇద్దరూ కంపెనీ షాపుకు వెళ్లి పేరు మార్పించాలి.

రీచార్జి సంఘం ఖర్చు. తేదీ మీటింగు పుస్తకం మొదటి పేజీలో ఉంటుంది.

సిగ్నల్ బాగాలేకపోతే కంపెనీ మారుస్తాం, నంబరు మార్చం. 2011 నుంచి దేశమంతా ఈ సౌకర్యం ఉంది.

ఫోను వారానికి ఒకరి దగ్గర వంతున ఉంటుంది. ఎవరు ఎత్తినా ఆర్డరు పుస్తకంలో రాయాల్సిందే.

లేబుళ్లు రెండు వందలకు మించి ఒకసారి వేయించం.

పోయిన సంక్రాంతికి సరుకు మిగలలేదు, కిస్తీ వ్యాపారం డబ్బుతోనే కట్టాం. కానీ ఆ పాత లేబులున్న డబ్బాలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఆ నంబరుకు చేసి, మేము వ్యాపారం మానేశామనుకున్నవాళ్లు ఎంతమందో మాకు తెలియదు. వాళ్లను మేము తిరిగి తెచ్చుకోలేం.

మీ డబ్బా మీద, మీ బోర్డు మీద ఉన్న నంబరు ఎవరి పేరు మీద ఉందో వచ్చే మీటింగులో తప్పక అడగండి. అడగడానికి మొహమాటపడకండి.