పటములలో మిగిలిన రహదారి

మీ బంధువు లెవరైన కాలిఫోర్నియాలో నున్నచో, లాస్ ఏంజిలిస్ నుండి ఉత్తరముగా బేకర్స్‌ఫీల్డునకు పోవుచు 5వ నంబరు మహామార్గముపై కొండలు దాటియే యుందురు. ఆ కొండలలో దారి యొకటి కాదు, మూడు. ఒకటి నడచుచున్నది. ఒకటి విడువబడినది. మరియొకటి కొంతమేర నీట మునిగినది. వీనిని వేరుపరచి చూపగలవి పాత పటములే.

మొదటిది 1915లో రాష్ట్రప్రభుత్వము తెరచిన రిడ్జ్ రూట్. కాలిఫోర్నియాను రెండుగా చీల్చవలెనను వాదము అప్పుడప్పుడు తల యెత్తుచుండిన కాలమది. ఉత్తర దక్షిణములను కలుపు దగ్గరి దారి అవసరమైనది. కంచరగాడిదలతోను, ఆవిరి యంత్రములతోను త్రవ్విన దారి యగుటచే, కొండ వంగిన చోట నెల్ల తానును వంగినది. మలుపులు 697 అని చెప్పుదురు. గంటకు 15 మైళ్లకు మించి పోరాదని నిబంధన. ఇంజను వేడెక్కినవారికిని, కడుపులో త్రిప్పినవారికిని దారి ప్రక్క పూటకూళ్లుండెడివి.

1933లో దిగువ లోయల మీదుగా వెడల్పైన క్రొత్త దారి వచ్చినది. అంతటితో శిఖరముపై దారి రాష్ట్ర రహదారుల పటమునుండి జారిపోయినది. పటమున గీత చెరపుట సులభము. కొండపై కాంక్రీటు మాత్రము అట్లే యున్నది.

దానిని వెదకువారు వేర్వేరు సంవత్సరముల పటములను ఒకే కొలతకు తెచ్చి, ఒకదానిపై నొకటి పరచి చూతురు. వీనిలో అమెరికా భూగర్భ పరిశీలన శాఖవారి పటములు మిక్కిలి యుపయోగకరములు. ఒకే ఎత్తుగల తావులను కలుపు సన్నని రేఖలు వానిలో నుండును. పాత రహదారి ఆ రేఖలను త్రెంచుకొని పోక వాని వెంటనే నడచును. క్రొత్తది కోసికొని పోవును. ఈ మాట తెలిసినచో పటము చదువుట సగము వచ్చినట్లే. అయినను మోసపోవుట కలదు. కార్చిచ్చు నాపుటకై శిఖరములపై చెట్లు నరికిన బాటలు గూడ ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములలో రహదారులవలెనే కనుపించును. 1920 దశకమున కొన్ని మలుపులను సరిచేసిరి గనుక, ఒకే దారికి రెండు జాడలు దొరకుటయు కలదు. కాలికి కాంక్రీటు తగులువరకు నమ్మరాదు.

ఇది వట్టి వేడుక యని కొంద రనవచ్చును. పటమునుండి తొలగిన దారికి కాపు ఎవరు? హారిసన్ స్కాట్ అను నతడు ఈ దారి చరిత్రను శ్రమించి సేకరింపగా, అడవిలోని సుమారు 17 మైళ్ల భాగము 1997లో జాతీయ చారిత్రక స్థలముల పట్టికకెక్కినది. జాడ తేలనిచో పట్టికలో వ్రాయుటకేమున్నది? 2005 నాటి వానలకు ఆ దారి దెబ్బతిని వాహనములకు మూతపడినది.

1933 నాటి దారి గతి వేరు. 1970లో 5వ నంబరు మార్గము పూర్తియైనది. పిదప 1973లో పిరమిడ్ ఆనకట్ట ముగిసి, వెనుకటి లోయ నిండినది. దిగువనుండి ఆ పాత దారిని నడచి పోవువానికి నడిదారిలో ఆనకట్ట గోడ యడ్డుపడును. ఆవలి భాగము చూడవలెనన్నచో చెరువు పుట్టకముందు అచ్చైన పటమును విప్పవలసినదే.