గీతలు పడిన గ్రామఫోను ప్లేట్లు

గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్యగారి పద్యముల ప్లేటు మా యింట నొకటి కలదు. మిరపకళ్ళముల దుమ్ము, ప్రత్తినూగు గాళ్ళలోనికి దిగి మసకబారగా, శుభ్రపడునని ఒక ప్రక్కను స్పిరిటుతో తుడిచితిమి. ఈ 78 చుట్ల ప్లేట్లు లక్క కలిపి చేసినవి. లక్క స్పిరిటునకు కరగును. గుడ్డ నల్లబడినది, పద్యము పోయినది. అట్టి ప్లేట్లు నేడు తయారు కావు.

కావున శ్రోతలకు మా మనవి. చల్లని నీటిలో రెండు చుక్కల సబ్బునీరు కలిపి, మెత్తని నూలుగుడ్డతో గాళ్ళ వెంబడి గుండ్రముగా తుడువవలెను. అడ్డముగా రుద్దినచో క్రొత్త గీతలు పడును. నడిమి కాగితము తడవరాదు. వెంటనే మంచినీటి గుడ్డతో తుడిచి, నీడన నిలువుగా ఆరనీయవలెను. గీత యనుకొన్నది పెక్కుసారులు మురికియే! నిజముగా గీతయే యైనచో నిమిషమునకు 78 మారులు టిక్కుమనుచునే యుండును. నూనె, మైనము పూసిన దుమ్ము పట్టుటయే కాని గీత పూడదు.

అరిగిన ఉక్కుముల్లు ఉలివలె గాడిని చెక్కును. ప్రక్క కొక క్రొత్త ముల్లు వాడవలెనందురు. (ఒకే ముల్లుతో వారము గడిపినవారిలో మేమును ఉన్నాము.)

స్పిరిటు తగులని రెండవ ప్రక్కను నేటికిని క్రొత్త ముల్లుతో వినుచున్నాము.