పెరటి కోడి ఆరోగ్యం – తగిన మేత
(మహిళా విభాగం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు పెట్టలు, ఒక పుంజు. మన ఇళ్లలో చాలామందికి ఉన్న ఆస్తి ఇదే. చూసేవాళ్లకు ఇది చిన్న విషయమే. కానీ ఆ గుడ్ల డబ్బు ఇంటావిడ చేతిలో పడే డబ్బు. పిల్లల నోటుపుస్తకాలు, పండుగ పూట గాజులు, ఒక్కోసారి డాక్టరు ఫీజు కూడా అందులోంచే వస్తాయి. ఒక తెగులు తగిలిందంటే వారం రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. కాబట్టి జబ్బు వచ్చాక పరుగెత్తడం కంటే రాకముందే కనిపెట్టడం ఎలాగో నాలుగు మాటలు మనవి చేస్తాను.

కోడి తన బాధను దాచుకునే జీవి. నీరసం బయటికి కనిపించేసరికి జబ్బు సగం ముదిరి ఉంటుంది. అందుచేత రోజూ పొద్దున గూడు తలుపు తీసేటప్పుడు రెండు నిమిషాలు నిలబడి చూడండి. ఆరోగ్యమైన కోడి తలుపు తీయగానే దూకి మేతకు పోతుంది. మూలన మెడ ముడుచుకొని, ఈకలు ఉబ్బించుకొని కూర్చున్న కోడిని ఆ రోజే వేరుచేసి గంప కింద పెట్టండి.

తర్వాత తురాయి చూడండి. గుడ్లు పెట్టే పెట్టకు అది ఎర్రగా, నిండుగా ఉంటుంది. పాలిపోతే నట్టలో, రక్తం పీల్చే పురుగులో ఉన్నాయని అనుమానించాలి. నీలంగా మారితే ఊపిరి ఆడటం లేదని అర్థం. అయితే పొదుగు మీద కూర్చున్నప్పుడు, ఈకలు రాల్చే కాలంలో తురాయి చిన్నబోవడం, గుడ్లు ఆగిపోవడం సహజమే. దానికి కంగారుపడి మందులు పోయనక్కర్లేదు.

రెట్ట కూడా చూడాలి. గోధుమ రంగు మీద తెల్లటి పూత ఉంటే మంచిదే. ఆకుపచ్చగా, నీళ్లలా పోతుంటే జ్వరమో, కడుపు మాడటమో కారణం కావచ్చు. పిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా పశువైద్యుణ్ణి అడగండి. తడిసిన నేల మీద ఆ జబ్బు త్వరగా పాకుతుంది.

వారానికి ఒకసారి కోడిని చేతిలోకి తీసుకోండి. రొమ్ము ఎముక కత్తిలా తగిలిందంటే ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదన్నమాట. మెడ కింద మేత నిలిచే సంచి సాయంత్రం నిండుగా, తెల్లవారేసరికి ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా గట్టిగా ఉంటే గడ్డో, దారపు పోగో అడ్డుపడి ఉంటుంది. రెక్కల కింద, తోక దగ్గర ఈకలు విడదీసి పేలు చూడండి. కొన్ని పురుగులు పగలు గూటి సందుల్లో దాగి రాత్రి రక్తం పీలుస్తాయి. వాటిని చూడాలంటే రాత్రి టార్చిలైటు వేయాలి. గూటికి సున్నం కొట్టించి, కోళ్లు పొర్లడానికి పొడి మట్టి, బూడిద ఒక మూల ఉంచితే సగం బాధ తగ్గుతుంది.

ఇక మేత సంగతి. కోడి తిరిగి తింటుంది కదా, మనం పెట్టేదేమిటి అంటారు. పూర్వం పెరళ్లు విశాలం. చెదలు, పురుగులు, రాలిన గింజలు దొరికేవి. ఇప్పుడు సిమెంటు వాకిట్లో ఏం దొరుకుతుంది? గుడ్లు పెట్టే కోడికి రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత కావాలి. బయట దొరకనిది మనమే పెట్టాలి. ఒట్టి నూకలు వేస్తే కడుపు నిండుతుందే గాని గుడ్డు రాదు. అందులో మాంసకృత్తులు తక్కువ.

ఇంట్లోనే 10 కిలోల మేత కలుపుకోవచ్చు. మొక్కజొన్న రవ్వ గాని నూకలు గాని 5 కిలోలు, తవుడు 2 కిలోలు, వేరుశనగ చెక్క 2 కిలోలు, ఆలిచిప్పల పొడి ముప్పావు కిలో, ఖనిజ లవణాల మిశ్రమం పావు కిలో. చెక్క బూజు పట్టి ఉంటే చవగ్గా వచ్చినా కొనకండి. ఆ బూజు విషం కోడి కాలేయాన్ని పాడుచేస్తుంది. ఊరగాయ, ఉప్పు ఎక్కువైన కూరలు వేయవద్దు. నీళ్లు మేతకు రెట్టింపు తాగుతుంది. ఎండాకాలం ఇంకా ఎక్కువ. కుండ రోజూ కడగండి.

ఒక్క గుడ్డు పెంకులోనే సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. అది మేతలో అందకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. తోలుగుడ్లు, కాళ్లు పడిపోవడం అందుకే. కానీ ఈ గుడ్ల మేత పిల్లలకు పెట్టకూడదు. అంత కాల్షియం వాటి మూత్రపిండాలను చెడగొడుతుంది. గుడ్లకు వచ్చేదాకా పిల్లల మేత వేరు, ఎదిగే వాటి మేత వేరు.

ఆఖరుగా కొక్కెర తెగులు. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ పేరుతో దీన్ని రాణిఖేత్ జబ్బు అంటారు. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఆకుపచ్చ రెట్ట, మెడ మెలితిరగడం దీని గుర్తులు. దీనికి మందు లేదు, టీకాయే దిక్కు. మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, 6 నుంచి 8 వారాల మధ్య ఆర్2బి సూది వేయించాలి. టీకా చల్లగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న కోళ్లకే వేయాలి. ఒక సీసాలో ఎన్నో కోళ్లకు సరిపడా మందు ఉంటుంది. నలుగురు ఇళ్లవాళ్లు కలిసి తెచ్చుకుంటే ఖర్చు పైసల్లో తేలుతుంది. మన సంఘం చేయదగిన పని ఇదే. ప్రతి వీధిలో ఒక సోదరి ఈ బాధ్యత తీసుకోవాలని కోరుతున్నాను.

ఇంకొక మాట. జబ్బు కోడిని గుట్టుగా సంతలో అమ్మేస్తే మన నష్టం తీరదు, పక్కవాడి గూడు కూడా ఖాళీ అవుతుంది. కొనేవాడూ మనలాంటి పేదవాడే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు తెలుసు. ఒకేసారి కోళ్లు ఎక్కువ చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోవద్దు, కాలువలో పారేయవద్దు, పశువైద్యశాలకు కబురు చేయండి. జబ్బు కోడికి మందు వేస్తే, ఎన్నాళ్లు దాని గుడ్లు, మాంసం తినకూడదో కూడా అడిగి తెలుసుకోండి. ఆ గుడ్డు తినేది మన బిడ్డే.

రోజుకు రెండు నిమిషాల చూపు, సమయానికి టీకా, తగిన మేత. ఈ మూడూ ఉంటే పెట్ట మీ ఇంటిని ఆదుకుంటుంది.