ఖాళీ గడి

కులపతికి, ఆచార్యులకు, తల్లిదండ్రులకు నమస్కారాలు చెప్పడానికి ఆ స్నాతకోత్సవ వక్తకు అర నిమిషం కూడా పట్టలేదు. టొరంటోలో జూన్ మధ్యాహ్నం, నల్ల గౌన్లలో ఉడికిపోతున్న పట్టభద్రులు. "ఇవాళ యూవీ ఇండెక్స్ ఎంతో ఎవరైనా చూశారా?" అని అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. "అయితే పట్టాలు వెనక్కిచ్చేయండి," అన్నారు. షామియానా కింద నవ్వులు.

ఆ సూచీ పుట్టింది ఈ దేశంలోనే. రేపటి అతినీలలోహిత (యూవీ) కాంతి ఎంత ఉంటుందో దేశమంతటికీ రోజూ ముందే చెప్పడం 1992లో కెనడాయే మొదలుపెట్టింది. అప్పట్లో 0 నుంచి 10 దాకా ఉండేది. ఉష్ణమండలంలో మబ్బులేని మిట్టమధ్యాహ్నం ఎండ 10. "అంటే మా కోనసీమ ఎండే పైమెట్టన్నమాట," అని కోటు సవరించుకున్నారాయన. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే కొలమానాన్ని తీసుకుంది.

మన నెత్తిమీద ఆ కాంతిని అడ్డుకునే ఓజోన్‌నంతా నేల మట్టానికి దించి పరిస్తే మూడు మిల్లీమీటర్లు, ఒక దోసె మందం. పైన సూర్యకాంతి ఆక్సిజన్ అణువును రెండుగా చీలుస్తుంది. ఒంటరి పరమాణువు ఇంకో ఆక్సిజన్ అణువును పట్టుకుని ఓజోన్ అవుతుంది. ఆ ఓజోన్ అతినీలలోహిత కాంతిలోని యూవీ-బీని మింగి విడిపోతుంది, మళ్ళీ కూడుతుంది. 1930లో చాప్‌మన్ చెప్పిన లెక్క ఇది. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు (సీఎఫ్‌సీలు) పైకి చేరి క్లోరిన్‌ను వదులుతాయని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. ఓజోన్ నుంచి ఒక పరమాణువును లాక్కున్న క్లోరిన్ దాన్ని ఇంకోచోట వదిలించుకుని ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. మొదటి బంతిలో తిని, చెయ్యి కడుక్కుని, రెండో బంతిలో కూర్చునే చుట్టంలాగా.

రసాయనశాస్త్రం అక్కడితో ముగించి ఆయన తన కథలోకి దిగారు.

ఆక్స్‌ఫర్డ్ నుంచి టొరంటో విశ్వవిద్యాలయానికి వచ్చిన అలన్ బ్రూవర్, ఆయనతోపాటు వార్డిల్, కెర్, మెకెల్రాయ్ కలిసి తీర్చిదిద్దిన యంత్రం తనంతట తానే సూర్యుణ్ణి వెంబడించి ఓజోన్‌ను కొలుస్తుంది. కానీ మన వక్త ఉద్యోగంలో చేరేనాటికి ఆయన ఓజోన్ స్టేషన్‌లో కొలతకు ఉన్నది పాత డాబ్సన్ పెట్టె. మీట చేత్తో తిప్పాలి, అంకె చేత్తో రాయాలి. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం మైనస్ 30 చలి. కొలతకు మేడ ఎక్కబుద్ధి కాలేదు. నిన్నటి అంకెకూ మొన్నటి అంకెకూ మధ్యన ఒకటి చూసి చిట్టాలో వేసేశారు. స్టేషన్ పెద్దాయన పట్టేశాడు. కేకలెయ్యలేదు. అంకెను ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి, "పోలేదని రాసి గడి ఖాళీగా వదిలెయ్," అన్నాడు. "నలభై ఏళ్ళు దాటింది, ఇంకా చెవులు ఎర్రబడతాయి," అన్నారాయన.

ఇక అక్కణ్ణుంచి ఆయన్ను ఆపడం ఎవరి తరం కాలేదు. అంటార్కిటికాలోని హాలీ స్థావరంలో బ్రిటిష్ వాళ్ళు 1950ల నుంచి విసుగు లేకుండా ఓజోన్ కొలిచారు. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ ఓజోన్ రంధ్రం సంగతి బయటపెట్టగలిగింది ఆ పాత చిట్టాలు ఉండబట్టే. రెండేళ్ళకు, 1987 సెప్టెంబర్ 16న, మాంట్రియల్‌లో సీఎఫ్‌సీల కట్టడికి ఒప్పందం కుదిరింది. ఒప్పందం ఉంది కదా, ఇంకా కొలవడమెందుకు? 2018లో తేలింది ఎందుకో: నిషేధించిన సీఎఫ్‌సీ-11ను అప్పట్లో ఎవరో మళ్ళీ వదులుతున్నారని. కొరియా, జపాన్‌లలోని కొలతల కేంద్రాలు దాని జాడను తూర్పు చైనాలో పట్టుకున్నాయి.

2011 వసంతంలో ఆర్కిటిక్ మీద అప్పటిదాకా ఎన్నడూ చూడనంతగా ఓజోన్ తరిగిపోయింది. మరుసటి ఏడాదే నూనవుట్‌లో, 80 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉన్న యురేకా పరిశోధనాలయం డబ్బుల్లేక ఏడాది పొడవునా నడిచే పనిని ఆపేయాల్సి వచ్చింది. 2013లో మళ్ళీ నిధులొచ్చాయి. ఈ ముక్క చెబుతుంటే ఆయన గొంతు లేచింది. "మీలో సగంమంది డేటా సైన్స్ అంటారు. డేటా ఏమైనా ఆకాశం నుంచి ఊడిపడుతుందిరా?" ఒక క్షణం ఆగి, "ఓజోన్ డేటా ఆకాశం నుంచే వస్తుందనుకోండి. అయినా అద్దం మీద మంచు ఎవరో ఒకరు తుడవాలి కదా!" అన్నారు.

వెనక వరసల్లోని తెలుగు తల్లిదండ్రులనూ వదల్లేదు. మనది చామనచాయ, ఎండ మనల్నేం చేస్తుందన్న ధీమా చర్మం విషయంలో కొంత నిజమే. కంటికి చాయ అడ్డు రాదు. కొత్త మంచు యూవీని 80 శాతం దాకా తిప్పికొడుతుంది, శుక్లాల ముప్పు అటునుంచీ ఉంది. "నల్లద్దాలు కొనుక్కోండి వదినా, సినిమా వాళ్ళకే కాదు అవి."

ప్రపంచంలోని స్టేషన్లు పంపే ఓజోన్ కొలతలు 1960ల నుంచి ఈ టొరంటోలోని డేటా కేంద్రానికే చేరుతున్నాయి. ఈమధ్య ఒకరోజు కూర్చుని తన పాత స్టేషన్ అంకెలు తిరగేశారట. ఆ ఫిబ్రవరి తేదీ ఎదుట గడి ఇంకా ఖాళీగానే ఉందట.