కొడవలి కణాలు - మన కుటుంబాలు
(ఉగాదినాటి సభలో చేసిన ప్రసంగ పాఠము)

మా చదువు మెట్రిక్. ఉద్యోగం నాగపూరు రైల్వేలో గుమాస్తాగిరి. రక్తం సంగతి మీకెందుకయ్యా అని కార్యదర్శిగారే నవ్వారు. అది మా ఇంటికే వచ్చింది గనుక చెప్పక తప్పదు.

నిరుడు బడిలో మా పెద్దమ్మాయి రక్తం పరీక్షించి, కొడవలి కణపు లక్షణం ఉన్నదన్నారు. "అడవిలో వాళ్ళ జబ్బు మనకెక్కడిది?" అన్నారు మా అమ్మగారు. మేమూ అట్లాగే అనుకొన్నాము. తీరా చూపిస్తే మా ఆవిడకు లేదు, మాకే ఉన్నది!

1952లో నీలగిరి కొండలలోని గిరిజనుల రక్తంలో దీనిని కనుగొన్నారు. అదే సంవత్సరం అస్సాం తేయాకు తోటలలోనూ కనుపించింది. ఆ కూలీలు పొట్టకూటికి తరలిపోయినవారు, మనవంటి వలసవారే. తరువాతి పరీక్షలలో కొన్ని తెగలలో నూటికి ఒకరిద్దరికి, కొన్నింటిలో నలభైమంది వరకూ ఈ లక్షణమున్నట్లు తేలింది. గిరిజనులలో 86 కాన్పులకు ఒక బిడ్డ జబ్బుతో పుడుతున్నదని ప్రభుత్వంవారి లెక్క. మన విదర్భలో గోండులు, ప్రధానులే గాక ఇతర కులాలవారిలోనూ ఉన్నది. ఆఫ్రికాలో, అరబ్బు దేశాలలో, గ్రీసులో కూడ ఉన్నది. కులం చూచి వచ్చేది కాదు. మలేరియా ప్రబలిన చోట ఒంటి లక్షణమున్నవారు ఆ జ్వరానికి తట్టుకొని బ్రతికారు. అందుచేత అక్కడ పెరిగింది. ఈ సంగతి 1954లో ఆలిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో చూపించాడు.

లక్షణం వేరు, జబ్బు వేరు. ఒక్కరి నుండి వస్తే సాధారణంగా ఏ బాధా లేదు. మేము బస్తాల లెక్క చూస్తూ తిరుగుతూనే ఉన్నాము. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉంటేనే, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం. కణాలు కొడవళ్ళ వలె వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. కీళ్ళనొప్పులు, రక్తహీనత, మాటిమాటికి ఆసుపత్రి.

ఇక మేనరికం మాట. మా అమ్మాయి పుట్టిననాడే "నా కోడలు" అన్నది మా అక్కగారు. మాకున్నది అమ్మానాన్నలలో ఒకరి నుండి వచ్చినదే కదా! అక్కగారికి సగం పాలు, ఆమె కుమారునికి నాలుగో పాలు అవకాశమున్నదని డాక్టరుగారు కాగితం మీద గీసి చూపించారు. పిల్లవానికి పరీక్ష చేయించమన్నాము. "నా బిడ్డకు వంక పెడతావా?" అని మూడు మాసాలు మాతో మాటలు లేవు. చివరకు బావగారు చేయించారు. వానికీ ఉన్నది. ఆ సంబంధం మాట ఇరువురమూ మానుకొన్నాము.

అక్కగారు ఈ ఉదయం మా ఇంటనే పచ్చడి పుచ్చుకొన్నారు. అదుగో, రెండవ వరుసలో కూర్చున్నారు. ఈ మాటలు చెప్పమన్నది కూడ ఆమెయే.