అప్పునకు ముందు లెక్క – ఆపదకు ముందు సలహా



అప్పు చేయుట నేరము కాదు. దానిని లెక్కింపకుండుట ప్రమాదము. సంస్కృత భారతమున సభాపర్వమందు నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, కర్షకులకు నూటికొక్క వృద్ధిచొప్పున ఋణమిచ్చి అనుగ్రహించుచున్నావా యని ప్రశ్నించెను. రైతు ఋణభారమును విచారించుట పాలకుని విధి యని దాని భావము.

ఆ విధి చట్టరూపమును గూడ దాల్చినది. 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టము, 1932 అక్టోబరునకు ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీని రద్దుచేసినది. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో అప్పు తీరినట్లే యన్నది. కాని చట్టమున్నదని తెలిసి అడిగినవానికే అది రక్ష.

తెలియమి యెంత ఖరీదైనదో చూడుడు. ఒకడు 12,000 రూపాయలు తెచ్చి, నెలకు వెయ్యి చొప్పున అసలు తీర్చుచున్నాడు. వడ్డీ నూటికి నెలకు రూపాయి. మొదటి మొత్తముపైననే యేడాది పొడుగున వడ్డీ కట్టినచో 1,440 రూపాయలు. తగ్గుచున్న అసలుపై కట్టినచో 780 మాత్రమే. రేటొక్కటే, భారము దాదాపు ఇనుమడి.

ఈ లెక్క విప్పి చెప్పుటకే రిజర్వు బ్యాంకు 2009లో ఋణసలహా కేంద్రముల పథకమును రూపొందించెను. 2012 నుండి అవి ఆర్థిక అక్షరాస్యతా కేంద్రములైనవి. సలహాకు రుసుము లేదు. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులును, ఫైనాన్సు కంపెనీలును వ్యక్తులకిచ్చు క్రొత్త ఋణములకు, ఖర్చులన్నియు కలిపిన వార్షిక వడ్డీశాతమును తెలుపు పత్రమును గ్రహీతకు అర్థమగు భాషలో ఇయ్యవలెను. అది చదివిన పిమ్మటనే సంతకము చేయవలెను. వ్యాజ్యము వచ్చినచో, 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, అల్పాదాయులకును ఉచితముగా న్యాయవాది లభించును.

ఊరి అప్పునకును జాగ్రత్త వలయును. ఖాళీ నోటుపై సంతకము చేయరాదు. చెల్లించిన ప్రతి మొత్తమునకును నోటు వెనుక చెల్లు వేయించుకొనవలెను. చెల్లు లేని సొమ్ము, కలహము వచ్చిననాడు ఇచ్చియు ఇయ్యని సొమ్మే.

అన్నిటికంటె పెద్ద శత్రువు సిగ్గు. కోర్టు నోటీసును చూరులో దోపి మౌనము వహించినవాడు వాయిదా తప్పును; వాదము వినిపింపకయే ఓడును; పిమ్మట పొలము వేలమునకు వచ్చును. ఆ కాగితమునే మొదటినాడు గ్రంథాలయపు బల్లపై పరచినచో, చదివి చెప్పువాడొకడు దొరకును. పోవలసిన చోటు తెలియును. ఇరువదియైదేండ్లుగా పద్యము చదువ నేర్పిన యీ మందిరము, ఇకమీదట పత్రము చదువ నేర్పుగాక! ఒక్క రైతు పొలము నిలిచినను ఈ రజతోత్సవము సార్థకము.